నేరం ఒప్పుకునే ముందు



ఇవాళ నేను మాట్లాడబోయేది శిక్షల గురించి. అందులోనూ సాక్షులు బోనెక్కకుండా, వకీళ్లు వాదించకుండా, విచారణ లేకుండా తేలిపోయే కేసుల గురించి. నేరం ఒప్పుకుంటాను, శిక్ష తగ్గించండి అని ముద్దాయి అడుగుతాడు. సర్కారు వైపు వాళ్లు సరేనంటారు. జడ్జి ఆ ఒప్పందాన్ని తీర్పుగా రాస్తాడు. న్యాయశాస్త్రంలో దీన్ని ప్లీ బార్గెయినింగ్ అంటారు. ఇది అమెరికా నుంచి వచ్చిన పద్ధతి అనీ, మన దేశంలోకి 2006లో అడుగుపెట్టిందనీ పుస్తకాల్లో చదువుతాం. ఆ మాట నిజమే. అయితే ఇలాంటి బేరమే భద్రాచలం ఏజెన్సీలో చాలా కాలంగా వేరే పేరుతో నడుస్తోంది. అది జరిగేది కోర్టులో కాదు, ఫారెస్టు రేంజి ఆఫీసులో.

దుమ్ముగూడెం వైపో, చర్ల వైపో ఒక గూడెం అనుకుందాం. వానలు పడేలోపు ఇంటి తడికెలు మార్చుకోవాలి. ఒకాయన కత్తి పట్టుకుని అడవిలోకి పోయి వెదురు బొంగులు కొట్టి, మోపు కట్టి, భుజాన వేసుకుని వస్తుంటాడు. దారిలో బీట్ ఆఫీసర్ ఎదురుపడతాడు. మోపూ, కత్తీ, మనిషీ రేంజి ఆఫీసుకు చేరతారు. అక్కడ బల్ల మీద ఒక కాగితం ఉంటుంది. పేరు, తండ్రి పేరు, ఊరు, ఏం కొట్టాడు, ఎన్ని కొట్టాడు, వాటి విలువెంత అన్నీ అందులో రాస్తారు. చివర తప్పు ఒప్పుకుంటున్నాననీ, చెప్పిన రుసుము కడతాననీ రెండు ముక్కలుంటాయి. ఆ ముక్కలు తెలుగులో ఉంటాయి. ఆయన ఇంట్లో మాట్లాడేది కోయ భాష. రాసింది ఆఫీసువాళ్లు, కింద పడిన వేలిముద్ర మాత్రం ఆయనది. డబ్బు కట్టి, రసీదు చేత పట్టుకుని పొద్దుగూకేలోపు ఇల్లు చేరతాడు. ఫైన్ కట్టొచ్చానని ఇంట్లో చెబుతాడు.

చట్టం లెక్కలో ఆయన కట్టింది ఫైన్ కాదు. ఫైన్ వేసే అధికారం కోర్టుకే ఉంది. ఇది కాంపౌండింగ్ రుసుము, అంటే రాజీ రుసుము. నేరం చేశాడని సహేతుకంగా అనుమానం ఉన్న మనిషి దగ్గర నష్టపరిహారంగా కొంత డబ్బు తీసుకుని, కేసు కోర్టుదాకా పోకుండా అక్కడే ముగించే అధికారాన్ని అటవీ చట్టం అధికారులకు ఇచ్చింది. డబ్బు కడితే మనిషిని వదిలేయాలి, మళ్లీ ఆ విషయం మీద కేసు నడపకూడదు. చిన్న తప్పుకు మనిషిని కోర్టుల చుట్టూ తిప్పకుండా ఉండటానికే దీన్ని పెట్టారు. ఉద్దేశంలో దోషం లేదు. అయితే ఆ బల్ల దగ్గర ఒక ప్రశ్న అడిగేవాళ్లు ఉండరు. అసలు ఈ మనిషి చేసింది నేరమేనా?

ఎందుకంటే 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల జాబితాలో వెదురును కూడా చేర్చింది. తునికాకు, తేనె, లక్క, దుంపలతోపాటు వెదురు కూడా సంప్రదాయంగా సేకరించుకుంటున్న అడవిబిడ్డల సొత్తు అని ఆ చట్టం అంటుంది. అంటే ఆ మోపు మీద ఆయనకూ, ఆయన ఊరికీ హక్కు ఉండి ఉండొచ్చు. హక్కు ఉన్నవాడు తన వెదురు కొట్టుకున్నందుకు తప్పు ఒప్పుకుని డబ్బు కట్టి వచ్చాడన్నమాట. ఈ సంగతి కోర్టులో అయితే ఎవరో ఒక వకీలు లేవనెత్తేవాడు. రేంజి ఆఫీసులో వకీలు ఉండడు.

ఈ పరిస్థితి ఇవాళ్టిది కాదు. భద్రాచలం, రేకపల్లి ప్రాంతం 1874 దాకా సెంట్రల్ ప్రావిన్సెస్ కింద, ఎగువ గోదావరి జిల్లాలో ఉండేది. ఆ ఏడు దాన్ని మద్రాసు ప్రభుత్వం కిందకు, గోదావరి జిల్లాకు మార్చారు. పాత దొరతనంలో పోడుకు గొడ్డలి లెక్కన పన్ను ఉండేది, ఒక్కో గొడ్డలికి 4 అణాలు. విలువైన కొన్ని జాతుల చెట్లు తప్ప మిగతావి కొట్టుకోనిచ్చేవాళ్లు. మద్రాసు ఏలుబడి వచ్చాక ఆ పన్ను దాదాపు మూడు రెట్లయింది. అడవిలో రిజర్వులు వెలిశాయి. అప్పటిదాకా తప్పు కానిది తప్పయింది. 1879లో రంపలో మొదలైన తిరుగుబాటు రేకపల్లికి పాకడానికి ఇది ఒక కారణమని గోదావరి జిల్లా గెజిటీరు రాసింది. అక్కడి తిరుగుబాటును నడిపింది అంబుల్ రెడ్డి.

రంప కొండల్లో జనానికి ఇంకో బాధ ఉండేది. మైదానం నుంచి వచ్చిన వర్తకులు కొండవాళ్లతో కాగితాలు రాయించుకుని, ఎక్కడో దూరాన ఉన్న కోర్టుల్లో దావాలు వేసేవాళ్లు. కొండవాళ్లు అక్కడిదాకా పోలేరు. వాళ్లు రాకుండానే ఎక్స్ పార్టీ డిక్రీలు వచ్చేవి, ఆస్తులు జప్తయ్యేవి. కోర్టు దూరం, భాష కొత్త, కాగితం ఎవరో రాసింది, వేలిముద్ర మాత్రం తనది. ఈ నాలుగూ 1879లో ఉన్నాయి, ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఆ తర్వాత 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. గోదావరికి అటు నైజాం వైపు 1355 ఫసలీలో, అంటే 1945 ప్రాంతంలో, హైదరాబాద్ అటవీ చట్టం వచ్చింది. రెండూ కలిసి 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టమయ్యాయి. తెలంగాణ దాన్నే తనకు అన్వయించుకుంది. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలు తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చాయి. 2014లో పోలవరం ముంపు పేరుతో కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. ఒకే అడవి, ఒకే జనం. అటు పక్క ఛత్తీస్‌గఢ్, ఇంకాస్త పోతే ఒడిశా. దొరికిన చోటును బట్టి ఏ రాష్ట్రం కేసు, ఏ కోర్టు అన్నది మారిపోతుంది.

ఇక కోర్టులో జరిగే బేరం సంగతికి వద్దాం. మొదట్లో మన సుప్రీంకోర్టుకు ఈ పద్ధతి సుతరామూ నచ్చలేదు. 1976లో మురళీధర్ మేఘరాజ్ లోయా కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ దీన్ని గట్టిగా ఆక్షేపించారు. 1980లో కాసంభాయి కేసులో జస్టిస్ భగవతి ఇంకో అడుగు ముందుకు వేశారు. రెండూ ఆహార కల్తీ కేసులే. విచారణ ఏళ్ల తరబడి సాగుతుందన్న భయంతో ఏ తప్పూ చేయనివాడు కూడా నేరం ఒప్పుకునే ప్రమాదం ఉందన్నది జస్టిస్ భగవతి వాదన. ఆ పక్కనే లా కమిషన్ వేరే దారి పట్టింది. 1991లో 142వ నివేదిక, 1996లో 154వ నివేదిక ఈ పద్ధతిని తెమ్మని చెప్పాయి. ఆ 154వ నివేదిక ఇచ్చిన కమిషన్‌కు అధ్యక్షుడు మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ కె. జయచంద్రారెడ్డి. కోర్టుల్లో కేసులు కొండల్లా పేరుకుపోవడం, విచారణ ఖైదీలతో జైళ్లు నిండిపోవడం వాళ్లు చూపిన కారణాలు. 2003లో మళిమత్ కమిటీ కూడా అదే మాట అంది. చివరికి 2006 జూలై నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. ఇప్పుడు 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఇది 289 నుంచి 300 దాకా ఉన్న సెక్షన్లలో ఉంది.

చట్టం చెప్పే పద్ధతి ఇది. గరిష్ఠ శిక్ష ఏడేళ్లు దాటని నేరాలకే ఇది వర్తిస్తుంది. ఆడవాళ్ల మీద, పసిపిల్లల మీద జరిగిన నేరాలకు వర్తించదు. దేశ సామాజిక, ఆర్థిక పరిస్థితిని దెబ్బతీసేవంటూ 2006లో కేంద్రం ప్రకటించిన జాబితాలోని నేరాలకూ వర్తించదు. ఆ జాబితాలో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లోని జంతువులకు సంబంధించిన నేరాలూ ఉన్నాయి. కాబట్టి మన అడవుల్లో పొలుసుల కోసం అలుగును పట్టినవాడికి ఈ దారి మూసుకుపోయింది. ఆదివాసీని కులం పేరుతో అవమానించినవాడికీ మూసుకుపోయింది. ఇది మంచిదే. లేకపోతే బాధితుడైన ఆదివాసీ మీదే రాజీ పడమని ఊళ్లో ఒత్తిడి వచ్చేది.

అర్హత ఉన్న నిందితుడు తానే స్వయంగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ నేరానికి ఎంత శిక్ష పడుతుందో తెలుసుకుని, నా ఇష్టంతో అడుగుతున్నానని ప్రమాణపత్రం ఇవ్వాలి. అప్పుడు జడ్జి ఆయన్ని ఒంటరిగా, ఇంకో పక్షం వాళ్లు ఎవరూ లేకుండా కూర్చోబెట్టి అడగాలి. నీ అంతట నువ్వే వచ్చావా, ఎవరైనా భయపెట్టారా అని. జడ్జికి నమ్మకం కుదిరితేనే ముందుకు పోవాలి. ఆ తర్వాత ప్రాసిక్యూటరు, దర్యాప్తు అధికారి, నిందితుడు, బాధితుడు కూర్చుని ఒక ఒప్పందానికి రావాలి. బాధితుడికి పరిహారం కూడా అందులో భాగం. చట్టంలో కనీస శిక్ష ఉంటే అందులో సగం, లేకపోతే గరిష్ఠ శిక్షలో నాలుగో వంతు వేయొచ్చు. మొదటిసారి నేరం చేసినవాడికి కొత్త చట్టం ఇంకా తగ్గించింది. కనీస శిక్షలో నాలుగో వంతు, లేదా గరిష్ఠ శిక్షలో ఆరో వంతు. ఒప్పందం కుదరక బేరం చెడిపోతే, నిందితుడు అక్కడ చెప్పిన మాటలు తర్వాత ఆయనకు వ్యతిరేకంగా వాడకూడదు.

ఇన్ని కట్టుబాట్లు పెట్టినా మన దేశంలో ఈ దారిలో తేలే కేసులు వందకు ఒకటి కూడా లేవు. నేరాల గణాంకాల్లో ఏటా ఇదే కనిపిస్తుంది. చిన్న కేసుల్లో లోక్ అదాలత్‌లో రాజీ పడటమో, నేరుగా నేరం ఒప్పుకుని ఫైన్ కట్టి పోవడమో తేలిక కాబట్టి ఇటు ఎవరూ రారు. కొత్త చట్టంలో ఇంకో చిక్కు వచ్చింది. చార్జి రాసిన 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలట. చిన్న నేరాల కేసుల్లో లాంఛనంగా చార్జి రాయరు, ఆరోపణ చదివి వినిపించి వదిలేస్తారు. మరి ఆ 30 రోజులు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి? అడవి కేసుల్లో ఎక్కువ భాగం ఈ కోవలోవే.

ఇప్పుడు రెండు బేరాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కోర్టు బేరంలో జడ్జి ఏకాంతంగా అడుగుతాడు. ప్రమాణపత్రం ఉంటుంది. వకీలు ఉంటాడు. బేరం చెడితే మాట వెనక్కి వెళుతుంది. రేంజి ఆఫీసు బేరంలో పట్టుకున్నవాళ్లూ, విలువ కట్టినవాళ్లూ, డబ్బు తీసుకున్నవాళ్లూ ఒకే శాఖ. ఒంటరిగా అడిగేవాళ్లు లేరు. పైగా పోలీసు ముందు చెప్పిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదని మన సాక్ష్య చట్టం ఎప్పటి నుంచో చెబుతోంది. ఫారెస్టు అధికారి పోలీసు కాదు కాబట్టి ఆయన ముందు చెప్పిన మాటకు ఆ రక్షణ లేదని చాలా తీర్పులు వచ్చాయి. సంతలో బేరం కుదరకపోతే కొనేవాడు ముందుకు పోతాడు, అమ్మేవాడు సరుకు మూట కట్టుకుంటాడు. కత్తి, మోపు, రోజు కూలి అన్నీ అవతలి గదిలో ఉండిపోయిన మనిషికి ఆ వీలు లేదు.

అమెరికాలో ఈ బేరాన్ని అధ్యయనం చేసిన పండితులు ఇదే చిక్కును వేరే రూపంలో చూశారు. అక్కడ జ్యూరీ విచారణ రాజ్యాంగ హక్కు. కానీ 2012లో లాఫ్లర్ కేసు తీర్పులో అక్కడి సుప్రీంకోర్టే చెప్పిన లెక్క ప్రకారం ఫెడరల్ కోర్టుల్లో శిక్షలు పడ్డ కేసుల్లో నూటికి 97, రాష్ట్రాల కోర్టుల్లో నూటికి 94 నేరం ఒప్పుకున్నవే. 1978లో పాల్ హేస్ అనే ఆయన కేసు వచ్చింది. 88 డాలర్ల 30 సెంట్ల దొంగ చెక్కు. ఒప్పుకుంటే అయిదేళ్లు, లేకపోతే పాత నేరస్థుడి చట్టం కింద కేసు పెడతానన్నాడు ప్రాసిక్యూటరు. హేస్ ఒప్పుకోలేదు. యావజ్జీవం పడింది. సుప్రీంకోర్టు అది తప్పు కాదంది. అదే ఏడు జాన్ లాంగ్‌బైన్ అనే న్యాయచరిత్రకారుడు ఒక వ్యాసంలో దీన్ని మధ్యయుగపు ఐరోపా చిత్రహింసలతో పోల్చాడు. నేరం రుజువు చేయడం మరీ కష్టమైపోయిన కాలంలో అక్కడి కోర్టులు మనిషిని హింసించి ఒప్పుకోలు రాబట్టేవి. ఇప్పుడు విచారణ మరీ పెద్ద తంతయింది కాబట్టి పెద్ద శిక్ష పడుతుందని భయపెట్టి ఒప్పుకోలు రాబడుతున్నారన్నది ఆయన మాట. 1979లో మాల్కం ఫీలీ న్యూ హేవెన్ పట్టణంలోని కింది కోర్టును అధ్యయనం చేసి, చిన్న కేసుల్లో అసలు శిక్ష కేసు నడవడమేనని రాశాడు. వాయిదాలు, పోయిన కూలి, తిరుగుడు, ఇవన్నీ కలిపితే చివర్లో పడే జుల్మానా కంటే ఎక్కువ.

చర్ల నుంచి భద్రాచలం కోర్టుకు వాయిదాకు వచ్చిన ఎవరికైనా ఫీలీ చెప్పింది కొత్తగా అనిపించదు. బస్సు చార్జీ, ఒక రోజు పని, అక్కడి టీ, భోజనం, మళ్లీ వచ్చే నెల వాయిదా. ఆ లెక్కంతా మనసులో వేసుకున్నాకే జనం రేంజి ఆఫీసులో డబ్బు కట్టడానికి ఒప్పుకుంటారు. ఒప్పుకున్నవాళ్లంతా తప్పు చేసినవాళ్లే అనుకోవడానికి వీల్లేదు.

అమెరికాకు పోయిన మన పిల్లలూ ఈ బేరాన్ని రుచి చూశారు. మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అని ఒకటి ఉండేది. అది అక్కడి వలస అధికారులే వల పన్ని పెట్టిన బూటకపు సంస్థ. 2019 జనవరిలో ఆ గుట్టు బయటపెట్టి, విద్యార్థులను చేర్పించారంటూ ఎనిమిది మందిని అరెస్టు చేశారు. వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. ఒక్కరి కేసూ జ్యూరీ దాకా పోలేదు. అందరూ నేరం ఒప్పుకున్నారు. వాళ్లకు వకీళ్లు ఉన్నారు, ఇంగ్లీషు వచ్చు, తెలుగు సంఘాల అండ ఉంది. అన్నీ ఉన్నా విచారణకు నిలబడే సాహసం చేయలేదు. అలాంటప్పుడు కోయ మాత్రమే వచ్చిన మనిషి పరిస్థితి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

భాష గురించి చట్టం ఒక మాట చెప్పింది, అది చాలామందికి తెలియదు. మతిస్థిమితం ఉన్నవాడే అయినా కోర్టులో జరుగుతున్నది నిందితుడికి అర్థం చేయించలేకపోతే, మేజిస్ట్రేటు విచారణ సాగించవచ్చు. కానీ దోషి అని తేలితే ఆ కేసును హైకోర్టుకు పంపాలి. పాత నేర విచారణ స్మృతిలో ఇది 318వ సెక్షన్. సాక్ష్యం చెప్పే భాష నిందితుడికి రాకపోతే తెలిసిన భాషలోకి మార్చి చెప్పాలన్నది ఇంకో నియమం. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి మన అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయల్లో చాలామందికి తెలుగే సరిగ్గా రాదు. అలాంటి మనిషి తన ఇష్టంతో, అర్థం చేసుకుని ఒప్పుకున్నాడని రాసుకునే ముందు దుబాసీ ఎవరు, ఏం చెప్పాడు అన్నది కూడా రాయాలి.

ఇక రసీదు సంగతి. ఇందులో ఒక విచిత్రం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి పోడు చేసుకుంటున్న ఆదివాసులకు ఆ భూమి మీద హక్కు ఇవ్వాలంది. మరి అంతకుముందు నుంచీ అక్కడే ఉన్నామని రుజువేమిటి? 2008 నియమాల్లో ఏయే సాక్ష్యాలు పనికొస్తాయో చెప్పారు. ప్రభుత్వ రికార్డులు, కోర్టు కాగితాలు, నేల మీది ఆనవాళ్లు, ఊరి పెద్దల వాంగ్మూలం. ఫారెస్టువాళ్లు పెట్టిన పాత కేసు కాగితం, పోడు కొట్టావని తీసుకున్న డబ్బుకు రసీదు ప్రభుత్వ రికార్డే కదా. అలా తప్పు చేశాడని రాసిన కాగితమే, ఫలానా ఏట ఫలానా చోట ఈ మనిషి సాగు చేస్తున్నాడని చెప్పే సాక్ష్యమైంది. దాచుకున్నవాళ్లకు పనికొచ్చింది. చిరిగిపోయిందని పారేసినవాళ్లు ఊరి పెద్దల మాట మీదే ఆధారపడాల్సి వచ్చింది. 2023 జూన్ చివరి నుంచి తెలంగాణ ప్రభుత్వం పోడు పట్టాలు పంచింది. రాష్ట్రం మొత్తం మీద 4 లక్షల ఎకరాలకు పైగా. అందులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వాటా పెద్దది.

ఇప్పుడు శిక్షలు ఎలా నిర్ణయిస్తారో చూద్దాం. మన దేశంలో ఈ నేరానికి ఇంత అని తూచి చెప్పే మార్గదర్శకాలు లేవు. 2003లో మళిమత్ కమిటీ, 2007లో మాధవ మీనన్ కమిటీ పెట్టమన్నా పెట్టలేదు. గరిష్ఠం, కొన్నిటికి కనీసం చెప్పి, మధ్యలో అంతా జడ్జి విచక్షణకు వదిలేశారు. ఆ విచక్షణ ఎలా వాడాలో చెప్పిన పాత తీర్పుల్లో రెండు మన తెలుగు నేల నుంచి వెళ్లినవే. 1974లో ఈడిగ అనమ్మ కేసు, 1977లో మహమ్మద్ గియాసుద్దీన్ కేసు. రెండూ జస్టిస్ కృష్ణయ్యర్ రాసినవే. మొదటిదాంట్లో హత్య చేసిన ఒక స్త్రీ ఉరిశిక్షను యావజ్జీవంగా మార్చారు. ఆమె వయసు, ఆమె బతుకు పరిస్థితి, శిక్ష భయం తలమీద వేలాడిన కాలం, ఇవన్నీ చూడాలన్నారు. రెండోదాంట్లో ఉద్యోగాలిప్పిస్తానని మోసం చేసిన యువకుడి శిక్ష తగ్గించి, శిక్ష మనిషిని బాగు చేసేలా ఉండాలన్నారు. దోషి అని తేలాక శిక్ష గురించి విడిగా వినాలని 1973 నుంచే చట్టంలో ఉంది. ఆ విడి విచారణలో మనిషి గురించి ఏం చెబితే శిక్ష తగ్గుతుందో వకీలుకు తెలియాలంటే ఆ మనిషితో ఆయన భాషలో మాట్లాడాలి. చాలాసార్లు జరిగేది వయసు, పిల్లలు, పేదరికం అని మూడు ముక్కలు చెప్పి కూర్చోవడమే.

విచక్షణ బాగా కుంచించుకుపోయే చోటు కూడా ఒకటుంది. గంజాయి కేసులు. ఒడిశా, ఆంధ్ర సరిహద్దు కొండల నుంచి వచ్చే సరుకు భద్రాచలం మీదుగా పోతుందని ఇక్కడ అందరికీ తెలుసు. గోదావరి వంతెన దగ్గర వాహనాలు ఆపి వెతకడం మనం చూస్తూనే ఉంటాం. గంజాయి కిలో దాకా ఉంటే ఏడాది లోపు శిక్ష. 20 కిలోల దాకా పదేళ్ల లోపు. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు, లక్ష రూపాయల జుల్మానా. 19 కిలోలకూ 21 కిలోలకూ మధ్య మనిషిలో పెద్ద తేడా ఏమీ ఉండదు. శిక్షలో మాత్రం ఏళ్ల తేడా. సంచీ మోసినవాడికి కూలి ఇచ్చి పంపినవాడు ఎక్కడో ఉంటాడు. సంచీలో ఎంత ఉందో మోసినవాడికి తెలియకపోవచ్చు. ఈ కేసుల్లో కిలో దాటితే ప్లీ బార్గెయినింగ్‌కు కూడా దారి లేదు, గరిష్ఠ శిక్ష ఏడేళ్లు దాటుతుంది కాబట్టి.

2023 భారతీయ న్యాయ సంహిత కొన్ని చిన్న నేరాలకు సమాజ సేవను శిక్షగా తెచ్చింది. అయిదు వేల లోపు వస్తువు దొంగిలించి తిరిగి ఇచ్చిన మొదటిసారి నేరస్థుడికి, తాగి రచ్చ చేసినవాడికి, ఇంకా కొందరికి. అడవి చట్టాల్లోకి అది రాలేదు. వస్తే బాగుంటుంది. చెట్టు కొట్టినవాడి చేత మొక్కలు నాటించి, ఎండాకాలమంతా నీళ్లు పోయించడం జైలు కంటే అర్థవంతమైన శిక్ష. ఈలోపు 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది. చిన్న నేరానికి మందలించి, లేదా మంచి నడవడికకు పూచీ రాయించుకుని వదలొచ్చు. అడిగేవాళ్లు ఉండాలి అంతే.

జ్యూరీ ఉంటే ఇవన్నీ సర్దుకునేవి కదా, ఊరివాళ్లే తీర్పు చెప్పేవాళ్లు కదా అని కొందరు అడుగుతారు. మన దేశంలో జ్యూరీ ఉండేది. 1665లోనే మద్రాసు కోటలో, దాసి పిల్లను చంపిందన్న ఆరోపణ మీద మిసెస్ డాస్ అనే ఆవిడను జ్యూరీ విచారించి వదిలేసింది. తర్వాత మద్రాసు రాష్ట్రంలో కొన్ని జిల్లాల సెషన్స్ కోర్టుల్లోనూ జ్యూరీలు కూర్చున్నాయి. 1958లో లా కమిషన్ దీన్ని తీసేయమంది. 1959లో బొంబాయిలో నానావతి కేసులో జ్యూరీ ఎనిమిది మంది ఒకవైపు, ఒకరు ఒకవైపుగా నిర్దోషి అంటే, హైకోర్టు దాన్ని పక్కనపెట్టి శిక్ష వేసింది. 1973 నేర విచారణ స్మృతితో జ్యూరీ కథ దాదాపు ముగిసింది.

ఊరివాళ్ల తీర్పులో చెడు కూడా ఉంటుందని చెప్పడానికి మన దగ్గరే ఒక సంఘటన ఉంది. 2022 నవంబర్ 22న చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర ఫారెస్టు రేంజి ఆఫీసర్ చలమల శ్రీనివాసరావు గారిని ప్లాంటేషన్ దగ్గర నరికి చంపారు. విధి నిర్వహణలో ఉన్న అధికారి. ఆ దుర్మార్గానికి సమర్థన లేదు. ఇద్దరు గుత్తికోయల మీద కేసు నడిచింది. 2023 ఆగస్టులో కొత్తగూడెం కోర్టు ఇద్దరికీ యావజ్జీవం వేసింది. హత్య కాబట్టి బేరానికి తావే లేదు, విచారణ జరిగింది, సాక్ష్యం విన్నారు, తీర్పు ఇచ్చారు. ఈలోపు, హత్య జరిగిన నాలుగైదు రోజులకే, బెండాలపాడు గ్రామ పంచాయతీ అక్కడి గుత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని తీర్మానం చేసింది. కోర్టు ఇద్దరి తప్పు తేల్చడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఊరు గూడెం మొత్తానికి తీర్పు చెప్పడానికి వారం కూడా పట్టలేదు. వలస వచ్చినవాడికి ఆ ఊళ్లో జ్యూరీ దొరికితే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

అలాగని ఊరికి పాత్రే లేదని అనను. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు తమ ఆచారాలనూ, తగాదాలు తీర్చుకునే సంప్రదాయ పద్ధతినీ కాపాడుకునే అధికారం ఉందని చెప్పింది. కోయ గూడేల్లో ఇప్పటికీ చిన్నచిన్న తగాదాలు పెద్దల దగ్గరే తేలతాయి. తీర్పు చెప్పే పని కాకుండా, ఒప్పుకునే మనిషి పక్కన నిలబడే పని గ్రామసభకు ఇస్తే బాగుంటుందని నా అభిప్రాయం. రేంజి ఆఫీసులో కాంపౌండింగ్ కాగితం మీద వేలిముద్ర పడే ముందు గ్రామసభ తరఫున ఒక మనిషి ఉండాలి. చేసింది నేరమా, హక్కా అన్న ప్రశ్నకు జవాబు ఆ కాగితం మీద రాయాలి. కోయలో చదివి వినిపించాలి. విలువ ఎలా కట్టారో చెప్పాలి. ఆలోచించుకోవడానికి కనీసం ఒక రాత్రి గడువు ఇవ్వాలి. కోర్టు బేరంలో ఉన్న కట్టుబాట్లే ఇవి. ఎక్కువ ఖర్చయ్యేవి కావు. ఇందులో అటవీ సిబ్బందికీ మేలుంది. సాక్షి ఉన్న చోట డబ్బు కాజేశారన్న నింద వాళ్ల మీద పడదు.

ఈలోపు వింటున్న మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. అడవి కేసులో ఎవరైనా పట్టుబడితే, ఏ సెక్షన్ కింద, ఏ వస్తువుకు అని ముందు అడగండి. అటవీ హక్కుల పట్టా గానీ, సామూహిక హక్కు పత్రం గానీ ఉంటే చూపించండి. చదివి వినిపించకుండా సంతకం పెట్టొద్దు, వేలిముద్ర వేయొద్దు. డబ్బు కడితే రసీదు తీసుకోండి. తీసుకున్న రసీదు భద్రంగా దాచండి, పాత రసీదులు పట్టాలకు పనికొచ్చాయని ఇందాకే చెప్పాను. కేసు కోర్టుకు పోతే, ఆదివాసీ అయితే ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ఇచ్చిన హక్కు అది. 15100కు ఫోన్ చేస్తే న్యాయసేవల సంస్థ వాళ్లు మాట్లాడతారు. వకీలు వచ్చేదాకా ఆగమని అడగడం తప్పు కాదు. అలా అడిగినందుకు ఎవరూ శిక్ష పెంచలేరు.